బందరు హార్బరు, సముద్రం, ఊరు: ఒకే చుట్టులో నడవచ్చా?

కృష్ణలంక నడక:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ కృష్ణలంక. మా నాన్నగారికి 66 ఏళ్ళు. రిటైరైన దగ్గర్నుంచి రోజూ తెల్లవారకముందే ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తారు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, ఏడెనిమిది కిలోమీటర్లు తేలిగ్గా నడుస్తారు. పోయిన వారం టీ తాగుతూ, "ఇన్నేళ్ళు ఏటి పక్కన నడిచాను, ఒక్కసారి సముద్రం పక్కన నడవాలిరా" అన్నారు. నాన్న ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే ఇది సరిగ్గా చేయాలని ఉంది.

ఫోన్లో మ్యాపు చూశాను. బందరులో గిలకలదిండి హార్బరు దగ్గర మొదలుపెట్టి, తీరం వెంట మంగినపూడి బీచి దాకా వెళ్ళి, చిలకలపూడి మీదుగా ఊళ్ళోకి వస్తే ఒక చుట్టు పూర్తవుతుంది అనిపించింది. వెళ్ళిన దారినే వెనక్కి రావడం ఆయనకి నచ్చదు. ఎవరైనా ఇలా నడిచారా?

బ్రాడీపేట:
మేం గుంటూరు వాళ్ళం కాబట్టి మాకు దగ్గర సూర్యలంక. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లే. ఒడ్డున ఎంతసేపైనా నడవచ్చు. కానీ నీళ్ళలోకి దిగనివ్వకండి, అక్కడ మునిగిపోయినవాళ్ళ వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. హార్బరు కావాలంటే నిజాంపట్నం వెళ్ళాలి, రెండూ కలిపి నడిచే దూరం కాదు. అన్నట్టు, 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ బందరు వెళ్ళేముందు నిజాంపట్నంలో ఆగింది. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే చెప్పండి.

బందరు ఆడపడుచు:
తమ్ముడూ, మా పుట్టిల్లు గిలకలదిండి పక్కనే. ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. నువ్వు అనుకున్న చుట్టు దయచేసి వద్దు. మ్యాపులో ఆ గీత ఎంత తిన్నగా కనిపించినా, కింద ఉన్నది ఇసక కాదు. పర్ర (ఉప్పునేల), మడచెట్లు, వాటి మధ్య చిన్నా పెద్దా కాలవలు, నల్ల బంకమట్టి. పైగా మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా పిన్ని కొడుకూ నేనూ పీతల కోసం అటు వెళ్ళాం. పాటులో, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, చీలమండ లోతు కూడా లేని కాలవ దాటాం. ముందురోజే పౌర్ణమి వెళ్ళింది, పోటు బలంగా ఉంటుందని ఇంట్లో చెప్పినా వినలేదు. తిరిగి వచ్చేసరికి అదే కాలవ నడుము దాటింది. ఒడ్డున మట్టిలో వాడు తొడల దాకా దిగబడిపోయాడు. నేను లాగిన కొద్దీ నా కాళ్ళూ దిగిపోతున్నాయి. వలలు ఎత్తుకుని వస్తున్న ఒకాయన నావ అడ్డం వేసి, తెడ్డు అందించి ఇద్దర్నీ బయటికి లాగాడు. ఆ బురద వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. 66 ఏళ్ళ మనిషిని అటు తీసుకెళ్ళొద్దు.

నా మాట విని రెండు ముక్కలుగా నడవండి. మధ్యలో ఆటో.

ముందు హార్బరు. అది సముద్రం మీద లేదు, ఉప్పుటేటి మీద ఉంది. ఆ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట వేస్తుంది కాబట్టి పెద్ద బోట్లు పోటు కోసం ఆగి, నీళ్ళు ఎక్కాక వరసగా లోపలికి వస్తాయి. చూడాల్సింది అదే. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజురోజుకీ పోటు ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అందుకని టైడ్ టేబుల్ (పోటుపాట్ల వేళల పట్టిక) చూసి, పొద్దున తొమ్మిది పది మధ్య పోటు నిండే రోజు ఎంచుకోండి. అప్పుడు సాయంత్రం నాలుగు ప్రాంతంలో మంగినపూడిలో పాటు ఉంటుంది, నడవడానికి తడి ఇసక దొరుకుతుంది.

ఎనిమిదింటికల్లా బందరుకోట దగ్గర ఆటో దిగండి. డచ్చివాళ్ళ కాలం నాటి కోటలో ఇప్పుడు మిగిలినవి కొన్ని శిథిలాలే. అయినా ఒక్క నిమిషం నిలబడండి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ఈ చుట్టుపక్కల దాదాపు 30 వేల మంది పోయారు. మా అమ్మమ్మ ఉప్పెన అనే మాట ఇంట్లో గట్టిగా అననిచ్చేది కాదు. కోట నుంచి రోడ్డు మీదే హార్బరుకి వెళ్ళండి. బోట్లు వచ్చాక చేపల వేలంపాట చూడండి. చందువలు, పండుగప్పలు, కానాగంతలు తట్టల్లో దిగుతుంటాయి. బేరం నడుస్తుంటే అడ్డం నిలబడొద్దు. తట్ట మోస్తున్న ఆడవాళ్ళని అడక్కుండా ఫోటో తీయొద్దు, వాళ్ళు అర్ధరాత్రి నుంచి మేలుకుని ఉంటారు. వచ్చేటప్పుడు రోడ్డు వదిలేసి ఊరి లోపలి వీధుల్లో రండి. అరుగుల మీద వలలు బాగుచేస్తూ, ఎండుచేపలు తిరగేస్తూ మనుషులు కనిపిస్తారు. నాన్నగారు పలకరిస్తే చాలు, కూర్చోబెట్టి మాట్లాడతారు. తాపీగా రెండు గంటల చుట్టు.

సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందే వెళ్ళండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి.

కృష్ణలంక నడక:
అక్కా, మీరు చెప్పకపోతే నేను నిజంగానే ఆ గీత పట్టుకుని వెళ్ళేవాణ్ణి. చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. మంగినపూడిలో కూడా చుట్టులా నడవడం కుదురుతుందా? మధ్యాహ్నం ఎక్కడ ఆగాలి?

పెడన వాడిని:
మధ్యాహ్నం చిలకలపూడి పాండురంగస్వామి గుడి చూడండి. మంగినపూడి వెళ్ళే దారిలోనే. 1929లో కట్టిన గుడి. ఆ వీధుల్లోనే రోల్డ్ గోల్డ్ నగలు చేసే ఇళ్ళు ఉంటాయి, అమ్మగారికి ఏమైనా కొనుక్కోవచ్చు. భోజనం బందరు ఊళ్ళోనే చేసేయండి.

బందరు ఆడపడుచు:
కుదురుతుంది తమ్ముడూ. బీచిలో దిగాక జనం ఉన్నచోటు వదిలి, తడి ఇసక మీద అరగంట వెళ్ళండి. తర్వాత పైకెక్కి సరుగుడు చెట్ల వైపు నుంచి వెనక్కి రండి. మంగినపూడి ఇసక సూర్యలంకలా పసుపుగా ఉండదు, నల్లగా మట్టి కలిసి ఉంటుంది. కొందరు అది చూసి మొహం చిట్లిస్తారు. కృష్ణమ్మ మోసుకొచ్చి పోసిన మట్టి అది. నాన్నగారు బ్యారేజీ మీద నుంచి రోజూ చూసే నీళ్ళు తెచ్చిన మట్టే. ఆయనకి ఆ మాట చెప్పు.

జనవరి నుంచి మార్చి వరకు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. ఇసకలో గుడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా దూరంగా రండి.

కాళ్ళకి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోమను. మామూలు హవాయి చెప్పులు ఆ మట్టిలో అతుక్కుని ఊడిపోతాయి. హార్బరులో మాత్రం నేలంతా చేపనీళ్ళూ ఐసూ, ఆయన చెయ్యి పట్టుకుని నడువు.