నిక్స్ బిల్డ్‌లో డైరెక్టరీ ట్రీ: డాలర్ హోమ్ మారిపోతోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నిక్స్ అనే బిల్డ్ టూల్‌లో సర్వర్ కాన్ఫిగ్ ఫైళ్లన్నీ ఒక అట్రిబ్యూట్ సెట్‌లో (పేరు-విలువ జతల పట్టీలో) పెట్టుకున్నాం: ఎడమవైపు పాత్, కుడివైపు టెక్స్ట్. రన్‌కమాండ్‌లో (బిల్డ్‌లో షెల్ కమాండ్లు నడిపే ఫంక్షన్) ఒక్కో ఫైల్‌కి ఎంకేడిర్ (ఫోల్డర్ చేసే కమాండ్), దాని కింద క్యాట్ హియర్‌డాక్ (ఈఓఎఫ్ అనే ముగింపు లైన్ వరకు ఉన్న టెక్స్ట్‌ని ఫైల్లో రాసేది) వచ్చేలా స్ట్రింగులు అతికిస్తున్నాను. నిన్న సర్వర్‌లో బ్యాకప్ స్క్రిప్ట్ ఆగిపోయింది. తెరిచి చూస్తే డాలర్ హోమ్ (యూజర్ హోమ్ ఫోల్డర్‌ని సూచించే వేరియబుల్) అని రాసిన చోటల్లా ‘/హోమ్‌లెస్-షెల్టర్’ అని ఉంది! బిల్డ్‌లో ఒక్క ఎర్రరూ రాలేదు, నా టెన్షన్ అదే. టెక్స్ట్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పంపితే 200 కేబీ ఫైల్ దగ్గర ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ అంది. సరైన పద్ధతి ఏంటి?

జవాబు 1:
కోట్ చేయని హియర్‌డాక్‌లో డాలర్ కనిపిస్తే షెల్ దాని విలువ వేసేస్తుంది. బిల్డ్ జరిగేటప్పుడు నిక్స్ కావాలనే హోమ్‌ని లేని ఫోల్డర్‌కి పెడుతుంది, మీరు చూసింది ఆ పేరే. మొదటి ఈఓఎఫ్‌కి సింగిల్ కోట్స్ పెడితే ఇది పోతుంది. కానీ రేపు ఏ ఫైల్లోనైనా ఈఓఎఫ్ అనే లైన్ ఉందనుకోండి, ఆ కింద ఉన్నదంతా కమాండ్లుగా నడుస్తుంది. అందుకే టెక్స్ట్‌ని షెల్ కోడ్‌లో కలపకండి. ఒక్కో ఫైల్‌ని రైట్‌టెక్స్ట్‌తో (టెక్స్ట్ నుంచి ఫైల్ చేసే నిక్స్ ఫంక్షన్) చేసి, ట్రీని లింక్‌ఫార్మ్‌కి (ఆ ఫైళ్లకి లింకులతో ఫోల్డర్ చేసే ఫంక్షన్) అప్పగించండి. లినక్స్‌లో ఒక్క వేరియబుల్ 128 కేబీ దాటకూడదు. రైట్‌టెక్స్ట్ టెక్స్ట్‌ని ఫైల్‌గా పంపుతుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. నిక్స్ స్టోర్‌లో (బిల్డ్ ఫలితాలు ఉండే ఫోల్డర్) పేరులో స్పేస్ ఉండకూడదు, అందుకని అన్నిటికీ ‘కాన్ఫిగ్’ అనే పెట్టి, అసలు పేరు లింక్‌ఫార్మ్‌లో ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
పనిచేసిందండీ, డాలర్ హోమ్ ఉన్నదున్నట్టు వచ్చింది. కానీ టార్ చేసి (అన్నీ ఒకే ఫైల్‌గా కట్టి) సర్వర్‌కి పంపితే అందులో అన్నీ లింకులే ఉన్నాయి.

జవాబు 2:
టార్‌కి హైఫన్ హెచ్ ఇవ్వండి, లింకుల బదులు అసలు ఫైళ్లు వెళ్తాయి. ఇంకో మాట. పాత్‌ని ఒకే స్ట్రింగ్‌గా కాకుండా సెట్‌లో సెట్‌గా రాయండి. విలువ స్ట్రింగ్ అయితే ఫైల్, సెట్ అయితే ఫోల్డర్. అప్పుడు ఒకే పేరుతో ఫైలూ ఫోల్డరూ రెండూ పెట్టడం కుదరనే కుదరదు. ఒక్కో పేరు ఖాళీగా ఉన్నా, స్లాష్ ఉన్నా, చుక్క లేదా రెండు చుక్కలే అయినా త్రోతో (ఎర్రర్ ఇచ్చి ఆపే నిక్స్ ఫంక్షన్) అక్కడే ఆపేయండి. బిల్డ్ మొదలవకముందే తెలిసిపోతుంది. ఆ ఫైళ్లలో పాస్‌వర్డ్‌లేమీ లేవు కదా? నిక్స్ స్టోర్‌లో ఉన్నది ఆ మెషీన్‌లో ఎవరైనా చదవొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
రెండింటిలో డేటాబేస్ పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. ఇప్పుడే మారుస్తున్నాను. సెట్‌లో సెట్ పద్ధతి రేపు చేస్తాను.