వేళ్లు పోయిన మనిషికి పైసలిస్తే సరిపోతుందా, పని కూడా ఇప్పించాలా?

పాకాల పిల్లోడు:
మా బావ వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులో, పదిహేనేళ్లు చేశాడు. 2021 సీజన్‌లో రోలర్ దగ్గర ఇరుక్కున్న పత్తి లాగుతుంటే కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. సేటు చెడ్డోడేం కాదు. ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్నాడు, పరిహారమూ ఇచ్చాడు. ఆ పైసలు సగం అప్పులకు, సగం ఇంటి స్లాబుకు పోయాయి. ఇప్పుడు బావ పొద్దంతా టీ కొట్టు దగ్గరే. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుంటాడు, కుడిచేయి తువ్వాల కింద దాచుకుంటాడు. అక్క కూలికి పోతోంది. పరిహారం ఎంతిచ్చినా సరే, మళ్లీ పనిలో పెట్టుకోవాల్సిందేనని చట్టం ఉండాలంటాను. మీరేమంటారు?

కాంటా రాజు:
మిల్లులో లెక్కలు రాసేవాణ్ని, తిట్టినా పడతా. మా సీజన్ దసరా తర్వాత మొదలై ఎండాకాలానికల్లా అయిపోతుంది. తర్వాత వాచ్‌మెన్ తప్ప ఎవరుంటారు? ఏడాదంతా జీతమియ్యమంటే చిన్న మిల్లు వల్ల కాదు. పరిహారమూ తక్కువేం కాదు. అప్పుడున్న 1923 కార్మిక పరిహార చట్టం లెక్క ఇదీ: వయసు 40, జీతం 15 వేలు అనుకోండి. జీతంలో 60 శాతం, అంటే 9 వేలు. దాన్ని ఆ వయసుకు చట్టం పట్టికలో ఇచ్చిన 184.17తో గుణించి, వచ్చినదాంట్లో రెండు వేళ్లకు 20 శాతం లెక్కగడితే 3.31 లక్షలు.

మడికొండ అక్క:
రాజన్నా, 3.31 లక్షలంటే 22 నెలల జీతం. ఆ తర్వాత?
ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఉన్న ఫ్యాక్టరీలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి, వయసు 45 లోపైతే వేరే పని నేర్పించే ట్రైనింగ్ కూడా ఉంది. కానీ ఈఎస్‌ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను పక్కన పెట్టింది, ఆ జాబితాలో మొదటి పేరే కాటన్ జిన్నింగ్! పత్తి మీద బతికే ఊళ్లకు ఇదెక్కడి న్యాయం? అదే ప్రభుత్వ ఉద్యోగైతే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం తీసేయకూడదు, అదే జీతంతో వేరే పోస్టు చూపించాలి. రంగులు గుర్తుపట్టలేడని పంపించేసిన ఆర్టీసీ డ్రైవర్‌కు వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కాంటా రాజు:
ఈఎస్‌ఐ ముచ్చట ఒప్పుకుంటా. కానీ బలవంతం చేస్తే ఏమవుతుందో నేను చెప్తా. పేర్లు మిల్లు మస్టర్‌లోకే (హాజరు పుస్తకం) ఎక్కవు, మనుషులంతా కూలీలను తెచ్చే ముకద్దం లెక్కలోకి పోతారు. దెబ్బ తగిలిందని రుజువు చేసుకోవడమే కష్టమవుతుంది. అట్లా కాకుండా, తిరిగి పెట్టుకున్న మనిషి జీతంలో మొదటి ఏడాది సగం సర్కారు భరిస్తే సేట్లు ముందుకొస్తారు.

హమాలీ పెద్దన్న:
మీరిద్దరూ చట్టాలు మాట్లాడుతున్నారు. తమ్మీ, మీ బావకు ఇంకా ఏ పనొచ్చో ఎవరన్నా అడిగారా?

పాకాల పిల్లోడు:
నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు పెద్దన్నా. రాత్రి అడిగా. లోపలికి పోయి, ఇంట్లో ఉన్న పత్తి గుప్పెడు తెచ్చాడు. ఎడమ పిడికిట పిసికి వదిలి, అది ఎట్లా విచ్చుకుంటుందో చూపించాడు. "ఇది పది దాటదు" అన్నాడు. తేమ సంగతి. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్లు తేమ 12 శాతం దాటితే కొనరు కదా, మిషన్ పెట్టకముందే చెప్పేస్తాడట. దానికి రెండు వేళ్లతో పనేముంది? నాలుగేళ్ల నుంచి ఇది మాకెవరికీ తట్టలేదు.
రాజన్నా, మీ గేటు దగ్గర పత్తి చూసే మనిషికి ఎంతిస్తారు?

కాంటా రాజు:
ఈ సీజన్‌కు ఒకతనున్నాడు. అయినా సోమవారం తీసుకురా, సేటుతో మాట్లాడదాం. మాటైతే ఇవ్వలేను.