ఊపాలా, ఊగనివ్వాలా? కెటిల్‌బెల్ వ్యాయామాలకు తెలుగు క్రియల చర్చ

ప్రశ్న (మైలాపూరు సభ్యురాలు)

మా నివాస సముదాయంలోని తెలుగు కుటుంబాల కోసం, ఇంట్లోనే కెటిల్‌బెల్‌తో (పైన పిడి ఉన్న గుండ్రని ఇనుప బరువుతో) వ్యాయామం మొదలుపెట్టేవారికి పనికివచ్చే రెండు పుటల కరపత్రాన్ని తయారుచేస్తున్నాను. చదవబోయేవారిలో ఎక్కువమంది నలభై దాటిన గృహిణులు, ఇటీవల ఉద్యోగ విరమణ చేసినవారు. ‘స్వింగ్’ అనే వ్యాయామం గురించి అందులో ఇలా ఉంది: “కెటిల్‌బెల్‌ను రెండు చేతులతో పట్టుకొని, కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తు వరకు ఊపాలి.” చిత్తుప్రతి చదివి ప్రయత్నించిన కొందరు భుజాలతో బరువును పైకి లాగుతున్నారు. ఇక్కడ ‘ఊపు’ అనే క్రియ సరిపోతుందా? అలాగే కొత్తవారు ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలో ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలుందా? కెటిల్‌బెల్‌కు తెలుగు పేరు ఏదైనా పెట్టడం అవసరమా?

జవాబు (అంబత్తూరు సభ్యుడు)

పేరు సంగతి మాత్రం చెబుతాను. ‘బెల్’ కదా అని ‘గంట’ అంటే “రోజుకు అరగంట గంట వ్యాయామం” వంటి వాక్యాలు పుడతాయి. ‘గుండు’ మేలనుకుంటే, బడిలో ఇనుపగుండు విసిరినవారికి అది షాట్‌పుట్. పైగా “ఇంట్లోనే గుండు: కొత్తవారికి సూచనలు” అని శీర్షిక పెడితే తిరుపతి ప్రయాణం మానుకున్నవారు కరపత్రం కోసం వస్తారు.

జవాబు (అడయారు సభ్యుడు)

పేరును కెటిల్‌బెల్ అనే ఉంచండి. వస్తువును వేలితో చూపించవచ్చు, దుకాణంలో అడిగి తెచ్చుకోవచ్చు. దానికి తెలుగు పేరు లేకపోయినా ఎవరి నడుమూ పట్టుకోదు. క్రియ విషయం అలా కాదు, ఎందుకంటే చదివినవారి శరీరం ఆ క్రియ చెప్పిన పనినే చేస్తుంది. మన శ్రమంతా క్రియల మీద పెట్టడం మంచిది.

తెలుగులో వంగు–వంచు, తూగు–తూచు, లేచు–లేపు, ఊగు–ఊపు వంటి జంటలున్నాయి. మొదటిది తనంతట జరిగేది, రెండవది మరొకరు జరిపేది. ‘కెటిల్‌బెల్‌ను ఊపాలి’ అన్నప్పుడు ఊపేది చెయ్యి అని తెలుగు చదువరి సహజంగానే గ్రహిస్తాడు, ఎందుకంటే మనం చేతిరుమాలు ఊపినా, జెండా ఊపినా చేతితోనే ఊపుతాం. ఈ వ్యాయామంలో చేతులు చేయవలసిన పని అది కాదు. ఇక్కడ చేతులు ఉయ్యాల గొలుసుల వంటివి. బరువును పట్టి ఉంచడమే వాటి పని. బలమంతా తుంటి కీలు నుంచి, పిరుదుల కండరాల నుంచి, తొడల వెనుక కండరాల నుంచి వస్తుంది. తుంటి ఒక్కసారిగా ముందుకు వచ్చి మనిషి నిలువుగా లేచినప్పుడు ఆ వేగానికి కెటిల్‌బెల్ ఛాతీ దాకా ఊగివస్తుంది. కనుక ‘ఊపాలి’ అన్నచోట ‘ఊగనివ్వాలి’ అని రాయండి. ఇది సవరణ కోసం సవరణ కాదు. ఒక్క క్రియ మార్పుతో పని భుజం నుంచి తుంటికి మారుతుంది.

మరొక చిక్కు ‘వంగు’ అనే మాటలో ఉంది. మనం ‘నడుము వంచి’ అనడానికి అలవాటుపడ్డాం. ముగ్గు పెట్టడానికైనా, నేల తుడవడానికైనా మనం చెప్పేది నడుమే. కెటిల్‌బెల్‌తో వంగవలసింది నడుము కాదు, తుంటి. వెన్నెముక ఆకారం మారకుండా, మోకాళ్లు కొద్దిగానే మడిచి, పిరుదులను వెనక్కి తోయాలి. మోకాళ్లు ఎక్కువగా మడిస్తే అది గుంజీలు తీయడమవుతుంది. కొత్తవారి స్వింగ్ సాధారణంగా ఇలాగే చెడిపోతుంది. కరపత్రంలో ‘వంగండి’ అనే ఒంటరి మాట ఎక్కడా లేకుండా చూడండి.

ప్రశ్న (పెరంబూరు సభ్యురాలు)

సోదరులకు నమస్కారం. ‘తూగు’ అనే మాటకు కూడా ఊగడం అనే అర్థం ఉంది కదా, ‘తూగుటుయ్యాల’ అందులోంచి వచ్చిందే. బరువుకూ ఊగడానికీ రెండింటికీ చెల్లే మాటను విడిచిపెట్టడమెందుకు? పైగా ‘తూగనివ్వండి’ అంటే వినడానికీ బాగుంటుంది.

జవాబు (అడయారు సభ్యుడు)

అమ్మా, అందమైన మాటే. రష్యన్లు ఈ పరికరాన్ని ‘గిర్యా’ అంటారు. ఆ మాటకు త్రాసులో వేసే తూకపు రాయి అనే అర్థం కూడా ఉంది. దాని బరువును అక్కడ పాతకాలపు ‘పూద్’ కొలతలో చెప్పేవారు. ఒక పూద్ అంటే దాదాపు 16.38 కిలోలు. ఈనాటికీ 16, 24, 32 కిలోలు ప్రధానమైన తరగతులుగా నిలిచింది అందువల్లనే. అయితే నేటి చదువరికి ‘తూగు’ అనగానే కునికిపాట్లు గుర్తుకొస్తాయి, కాబట్టి కరపత్రానికి ‘ఊగు’ సురక్షితం. ‘తూగు’ను బరువు ఎంచుకునే భాగానికి దాచిపెడదాం, అక్కడ ‘సరితూగు’ అనే మాటకు సాటి వచ్చేది మరొకటి లేదు.

బరువు విషయానికి వస్తే, “ఎన్ని కిలోలు కొనాలి?” అన్న ప్రశ్నకు ముందు “దానితో ఏం చేయబోతున్నారు?” అని అడగాలి. ఇక్కడా క్రియే నిర్ణయిస్తుంది. నేల మీది నుంచి నిలువుగా ఎత్తడంలో శరీరంలోని అతి పెద్ద కండరాలు పనిచేస్తాయి కనుక ఎక్కువ బరువుకు తట్టుకుంటాం. ఛాతీ దగ్గర పట్టుకొని కూర్చుని లేవడానికి కొంత తక్కువ బరువు చాలు. ఒంటిచేత్తో తలపైకి నెట్టడానికి అన్నిటికన్నా తక్కువ బరువు కావాలి, ఎందుకంటే భుజం కీలు చిన్నది. ఒకే కెటిల్‌బెల్ ఎత్తడానికి తేలికగానూ, నెట్టడానికి ప్రమాదకరంగానూ ఉండడంలో వింత లేదు.

అంకెలు అడిగారు కనుక: వ్యాయామం అలవాటు లేని స్త్రీలు ఎత్తడానికి, ఊగించడానికి 8 కిలోలతో, కొంత బలం ఉన్నవారైతే 12 కిలోలతో మొదలుపెట్టవచ్చు, తలపైకి నెట్టడానికి 4 నుంచి 6 కిలోలు చాలు. పురుషులకు మొదటి పనులకు 12 లేక 16, నెట్టడానికి 8 కిలోలు సమంజసం. ఇవి శాసనాలు కావు. కొన్న బరువు సరితూగుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెప్పవచ్చు: ఛాతీ దగ్గర పట్టుకొని పదిసార్లు కూర్చుని లేచిన తరువాత, మరో రెండు మూడుసార్లు అదే తీరులో చేయగలమన్న నమ్మకం మిగిలితే ఆ బరువు మీకు తగినదే. నాలుగో సారికే వెన్ను గుండ్రమైతే ఎక్కువ. ఇరవై సార్లు చేసి కూడా మాట్లాడుతూ ఉండగలిగితే తక్కువ. మరీ తేలికైన బరువుతో స్వింగ్ నేర్చుకుంటే చేతులతో లాగే దురలవాటు పడుతుంది, ఎందుకంటే ఆ బరువును చేతులు సులభంగా మోసేస్తాయి. తేలికగా ఉంటే ఎప్పుడూ క్షేమమే అన్న మన లెక్క ఇక్కడ పూర్తిగా నిలవదు.

దుకాణాల్లో దొరికే బరువులు చాలావరకు నాలుగేసి కిలోల ఎడంలో ఉంటాయి. 8 నుంచి 12కు వెళ్లడమంటే ఒకేసారి సగం బరువు పెరగడం. 16 నుంచి 20కి వెళ్తే పెరిగేది నాలుగో వంతే. తొలి మెట్లు అంత ఎత్తుగా ఉంటాయి కాబట్టి, కొత్త బరువుకు మారే ముందు పాత బరువుతోనే సార్లు పెంచుకోవాలి. రెండు వేర్వేరు బరువులు కొనగలిగినవారికి ఈ ఇబ్బంది తగ్గుతుంది.

కొనేటప్పుడు చెన్నై పెరియమేడులోని క్రీడాసామగ్రి దుకాణాల వంటిచోటికి స్వయంగా వెళ్లి చేత్తో పట్టుకొని చూడాలి. పిడిలో రెండు చేతులూ ఇరుక్కోకుండా పట్టాలి, పోత అతుకు గరుకుగా వేళ్లకు తగలకూడదు. పోటీల కోసం చేసేవాటిలో 8 కిలోల దానికీ 32 కిలోల దానికీ వెలుపలి పరిమాణం ఒకటే. తేడా రంగులో ఉంటుంది. ఇంటికి మామూలు పోత ఇనుము చాలు. సిమెంటు నింపిన ప్లాస్టిక్ రకం చౌకే గాని, అదే బరువుకు లావుగా ఉండి ముంజేతికి కొట్టుకుంటుంది.

జవాబు (తిరువాన్మియూరు సభ్యురాలు)

ఇంటి సంగతులు కొన్ని చేర్చండి. మన ఊరి ఉక్కపోతలో అరచేతులు తడిసి పిడి జారుతుంది; ప్రతి విడతకూ ముందు చేతులు, పిడి తుడుచుకోవాలి, ఎదురుగా టీవీ గాని, బాల్కనీ అద్దం గాని, పిల్లలు గాని ఉండకూడదు. తలపైకి నెట్టేముందు పైన పంకా ఉందేమో చూసుకోవాలి. సముద్రపు గాలికి ఇనుము తుప్పుపడుతుంది కనుక పని కాగానే పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి. కింది ఇంటివారి కోసమైనా రబ్బరు చాప పరవాలి.

జవాబు (పెరంబూరు సభ్యురాలు)

‘మోయు’ అనే క్రియను ఎవరూ తలచలేదు. తమిళనాడు దక్షిణ జిల్లాల ఊళ్లలో ‘ఇళవట్టక్కల్’ అనే గుండ్రని రాతిని యువకులు భుజానికెత్తే ఆచారం ఉండేది. మన కరపత్రం చదివేవారికి అంత ఘనకార్యం అక్కరలేదు గాని, ఒక చేత్తో కెటిల్‌బెల్ పట్టుకొని, ఆ వైపుకు ఒరగకుండా వసారాలో నడవడం మొదటి వారానికి చాలా మంచి పని. దానికి ‘పట్టుకొని నడవండి’ అనే రాయండి. ‘మోయండి’ అంటే భుజం మీదికో నెత్తి మీదికో ఎత్తుకుంటారు.

సవరించిన పాఠం (మైలాపూరు సభ్యురాలు)

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటి పాఠం ఇది: “వారానికి రెండు లేక మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో చేయండి. మొదటి రెండు వారాలు నేల మీది నుంచి ఎత్తడం, ఛాతీ దగ్గర పట్టుకొని కూర్చుని లేవడం, ఒక చేత్తో పట్టుకొని నడవడం మాత్రమే చేయండి. తరువాత స్వింగ్ మొదలుపెట్టండి: వెన్ను నిటారుగా ఉంచి, తుంటిని వెనక్కి తోసి, కెటిల్‌బెల్‌ను తొడల మధ్యకు పోనిచ్చి, ఊపిరి వదులుతూ తుంటిని ముందుకు తెచ్చి లేచి నిలబడండి, కెటిల్‌బెల్‌ను ఛాతీ వరకు ఊగనివ్వండి. విడతకు పదిసార్లకు మించవద్దు. ఊపిరి కుదుటపడ్డాకే మరో విడత. నడుములో పోటు పుడితే వెంటనే ఆపండి. రక్తపోటు, గుండె జబ్బు, వెన్ను నొప్పి ఉన్నవారు ముందుగా వైద్యుని అడగండి.”

జవాబు (అడయారు సభ్యుడు)

ఒక్క మాట మార్చాలి. ‘వెన్ను నిటారుగా ఉంచి’ అంటే నిలువుగా నిలబడమని అర్థమవుతుంది, అలా నిలబడి తుంటిని వెనక్కి తోయడం సాధ్యం కాదు. చదివినవారు మళ్లీ గుంజీలు తీస్తారు. ‘వెన్ను గుండ్రం కాకుండా ఛాతీని ముందుకు వాల్చి’ అని రాసి అచ్చుకు ఇవ్వండి.