నిండు డబ్బా 17 కిలోలు, మూడో వంతు నూనె తీస్తే 12 కిలోలు: సమీకరణం రాస్తే 18 ఎందుకు వస్తోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఏక చరరాశి రేఖీయ సమీకరణాల పాఠంలో, పాత్రల బరువులు, వాటిలోని పదార్థాల బరువులు కలిసి వచ్చే పద సమస్యల దగ్గర తనూ నేనూ రెండు రోజులుగా ఆగిపోయాం. లెక్క ఇది: నిండా నూనె ఉన్న డబ్బా 17 కిలోలు తూగుతుంది. ఆ నూనెలో మూడో వంతు తీసివేస్తే 12 కిలోలు తూగుతుంది. ఖాళీ డబ్బా బరువు ఎంత?

అమ్మాయి నిండు డబ్బా బరువును ‘య’ అనుకుని, అందులోంచి మూడో వంతు పోయింది కాబట్టి య − య/3 = 12 అని రాసింది. దాన్ని సాధిస్తే య = 18 వచ్చింది. కానీ నిండు బరువు 17 అని లెక్కలోనే ఉంది. నేను మరో దారిలో ప్రయత్నించాను. 17లో మూడో వంతు తీసేస్తే మిగలవలసింది 11⅓ కిలోలు, లెక్కలో మాత్రం 12 అని ఉంది. దాంతో ఇచ్చిన అంకెలే తప్పేమో అనుకున్నాం. పుస్తకం వెనుక జవాబు 2 కిలోలని ఉంది. దాన్ని పెట్టి సరిచూస్తే అన్నీ కుదురుతున్నాయి. జవాబు తెలిసినా మా ఆలోచన ఎక్కడ దారి తప్పిందో అర్థం కావడం లేదు.

ఇదే కోవలో మరొకటి కూడా ఉంది. ఖాళీ పాత్ర బరువు, నిండు పాత్ర బరువులో 25 శాతం. కొంత ద్రవం తీశాక పాత్ర, మిగిలిన ద్రవం కలిపి మొదటి మొత్తం బరువులో 60 శాతం తూగాయి. ద్రవంలో ఎంత భాగం మిగిలింది? 60లోంచి 25 తీసివేసి 35 శాతం అని రాశాం. అది తప్పట. దయచేసి ఎవరైనా వివరించగలరు.

మొదటి సమాధానం

మీరిద్దరూ చేసిన పొరపాటు ఒక్కటే. ఆ పొరపాటులోంచే సరైన జవాబును బయటికి తీయవచ్చు కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

తీసింది నూనెలో మూడో వంతు, డబ్బాలో మూడో వంతు కాదు. అమ్మాయి రాసిన ‘య’లో డబ్బా, నూనె రెండూ ఉన్నాయి. అందులోంచి య/3 తీసివేయడమంటే నూనెతో పాటు డబ్బా రేకులో కూడా మూడో వంతు కోసి పక్కన పెట్టినట్లు. అలా జరగలేదు కాబట్టే ఆ సమీకరణం లెక్కతో పొసగలేదు. వేర్వేరుగా మారే రెండింటికి రెండు పేర్లు పెడదాం. ఖాళీ డబ్బా బరువు ‘డ’, నిండు నూనె బరువు ‘న’ అనుకుంటే,

డ + న = 17
డ + 2న/3 = 12

మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసివేస్తే డబ్బా రెండు వైపులా ఉంది కాబట్టి కొట్టివేయబడుతుంది, న/3 = 5 మిగులుతుంది. అంటే నూనె 15 కిలోలు, డబ్బా 2 కిలోలు. మీ పాఠంలో ఒకే చరరాశి వాడాలి కాబట్టి, డబ్బాను 17 − న అని రాసి రెండో సమీకరణంలో ఉంచితే (17 − న) + 2న/3 = 12 అవుతుంది. అదీ అదే జవాబు ఇస్తుంది. నిజానికి చరరాశులు లేకుండా నోటితోనూ చెప్పవచ్చు. రెండు తూకాల మధ్య తేడా 5 కిలోలు. ఆ రెండు తూకాల మధ్య మారింది నూనె ఒక్కటే. కాబట్టి ఆ 5 కిలోలూ పూర్తిగా నూనే.

ఇప్పుడు మీకు వచ్చిన 11⅓ సంగతి చూడండి. మీరు నూనెలో మూడో వంతుతో పాటు డబ్బాలో మూడో వంతు కూడా తీసేశారు. అసలు తూకం 12, మీది 11⅓, తేడా ⅔ కిలో. ఆ తేడా సరిగ్గా డబ్బాలో మూడో వంతు. దాన్ని 3తో గుణిస్తే 2 కిలోలు వస్తుంది, అదే డబ్బా బరువు. అమ్మాయికి వచ్చిన 18 కూడా అలాంటిదే. తను 12ను ఒకటిన్నర రెట్లు చేసింది. 12 కిలోలలో డబ్బా 2, నూనె 10. ఒకటిన్నర రెట్లు చేస్తే నూనె 15 అయింది, అది సరైనదే. డబ్బా కూడా ఒకటిన్నర డబ్బాగా, అంటే 3 కిలోలుగా మారింది. 15, 3 కలిపితే 18. నిజమైన 17 కంటే అదనంగా కనిపించే ఆ ఒక్క కిలో, లేని సగం డబ్బా బరువు. ఈ సంగతి అమ్మాయికి చెప్పండి. తను చేసిన లెక్కలో గుణకారం, భాగహారం ఎక్కడా తప్పలేదు, ‘య’ అనే అక్షరానికి ఇచ్చిన అర్థం ఒక్కటే సరిపోలేదు.

రెండో సమాధానం

పై వివరణ చక్కగా ఉంది. రెండో లెక్క గురించి నేను రాస్తాను. శాతాలు మాత్రమే ఇచ్చి ఒక్క బరువు కూడా చెప్పకపోతే పిల్లలు కంగారు పడతారు. అటువంటప్పుడు నిండు బరువును 100 కిలోలు అనుకోవచ్చు, జవాబు భాగంలోనే అడిగారు కాబట్టి ఏ సంఖ్య అనుకున్నా ఫలితం మారదు. పాత్ర 25, ద్రవం 75. తరువాతి మొత్తం 60, అందులో పాత్ర మళ్ళీ 25, కాబట్టి మిగిలిన ద్రవం 35. మీరు ఇంతవరకు సరిగ్గానే వచ్చారు. కానీ ఆ 35, నిండు పాత్ర బరువులో 35 శాతం. ప్రశ్న అడిగింది ద్రవంలో ఎంత భాగం అని. మొదట ఉన్న ద్రవం 75, మిగిలింది 35, కాబట్టి జవాబు 35/75, అంటే 7/15. ఇది సగానికి కొద్దిగా తక్కువ. శాతం కనిపించినప్పుడల్లా ‘దేనిలో శాతం’ అన్న ప్రశ్నకు జవాబు పక్కనే రాసుకుంటే ఈ తడబాటు ఉండదు.

ఈ లెక్కల్లో గణితం కంటే తెలుగు వాక్యమే ఎక్కువగా ఇబ్బంది పెడుతుందని నాకు అనిపిస్తుంది. ‘నూనె డబ్బా బరువు’ అంటే నూనె ఉన్న డబ్బా బరువా, నూనె పోసుకునే ఖాళీ డబ్బా బరువా అన్నది సందర్భాన్ని బట్టి తేలాలి. ‘మూడో వంతు’ అంటే మూడు సమ భాగాల్లో ఒకటి. కానీ ‘పాత్ర మూడు వంతులు నిండింది’ అని వ్యవహారంలో అంటే నాలుగింట మూడు వంతులు, అంటే ముప్పావు భాగం. మూడింట రెండు అని చెప్పదలిస్తే ‘మూడింట రెండు వంతులు’ అనే రాయాలి. ‘మూడో వంతు తీశాక’ అనీ ‘మూడో వంతు మిగిలాక’ అనీ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే, తొందరలో చదివేవారు ఒకదాన్ని మరొకటిగా తీసుకుంటారు. మొదటి దానిలో మిగిలింది 2/3, రెండో దానిలో మిగిలింది 1/3. ‘నూనె డబ్బాకు మూడు రెట్లు’ అంటే న = 3డ. ‘డబ్బా కంటే 3 కిలోలు ఎక్కువ’ అంటే న = డ + 3. ‘మూడు రెట్లు ఎక్కువ’ అని ఎవరైనా రాస్తే మాత్రం అది మూడింతలో నాలుగింతలో చెప్పడం కష్టం. అలాంటి వాక్యం ఉన్న లెక్కను విద్యార్థి తప్పుగా చేస్తే అందులో తప్పు వాక్యం రాసినవారిదే.

మరొక జాగ్రత్త. ‘సగం నిండిన’ అన్నప్పుడు పరిమాణంలో సగమా, ఎత్తులో సగమా? నిలువుగా నిలిపిన స్థూపాకారపు పాత్రలో రెండూ ఒకటే. శంకువు ఆకారపు పాత్రను మొన కిందికి ఉండేలా నిలిపితే, సగం ఎత్తు వరకు ఉన్న నీరు మొత్తం పరిమాణంలో ఎనిమిదో వంతు మాత్రమే. పాఠ్యపుస్తకాలలోని ఈ తరహా లెక్కలు సాధారణంగా పరిమాణంలో సగమనే ఉద్దేశిస్తాయి. ఇంట్లో నిజంగా తూచి చూడాలనుకుంటే మాత్రం నిటారు గోడలున్న పాత్రనే ఎంచుకోండి.

మూడో సమాధానం

ఇచ్చిన అంకెలే తప్పేమో అని ప్రశ్న అడిగినవారికి వచ్చిన అనుమానం తేలికగా తీసుకోదగినది కాదు. లెక్కలో తప్పు అంకెలు ఉండే అవకాశం ఉంది, దాన్ని కనిపెట్టే పద్ధతీ ఉంది. సగం తీసివేసే సాధారణ లెక్క తీసుకోండి. నిండు బరువు, సగం నిండినప్పటి బరువు తెలిస్తే, డబ్బా బరువు అంటే సగం నిండినప్పటి బరువుకు రెట్టింపులోంచి నిండు బరువు తీసివేయగా వచ్చేది. ఎందుకంటే సగం నిండిన డబ్బాలు రెండు పక్కపక్కన పెడితే అందులో నూనె ఒక డబ్బాకు సరిపడా ఉంటుంది, డబ్బాలు మాత్రం రెండు ఉంటాయి. నిండు బరువు 20, సగానికి 9 అని ఎవరైనా ఇస్తే 18 − 20 = −2 వస్తుంది. ఖాళీ డబ్బా సున్నా కంటే తక్కువ తూగదు. కాబట్టి సగం నిండినప్పటి బరువు ఎప్పుడూ నిండు బరువులో సగం కంటే ఎక్కువే ఉండాలి. మీ లెక్కలో 12 అనేది 17లో మూడింట రెండు వంతులైన 11⅓ కంటే ఎక్కువగా ఉంది. కాబట్టి ఆ అంకెలు సరైనవే. మీకు లోపంగా కనిపించిన ఆ తేడా లేకపోతేనే అనుమానించాలి, అప్పుడు డబ్బాకు బరువే లేదని అర్థం.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదంలో ఆర్యభటుడు ఇటువంటి లెక్కలకు ఒక సూత్రం ఇచ్చాడు. ఇద్దరి దగ్గర సమానమైన సంపద ఉంది. ఒక్కొక్కరి దగ్గర కొన్ని గుళికలు (విలువ తెలియని వస్తువులు), కొన్ని రూపకాలు (నాణేలు) ఉన్నాయి. రూపకాల తేడాను గుళికల తేడాతో భాగిస్తే ఒక్క గుళిక విలువ వస్తుంది. మనం చరరాశి అనేదాన్నే ఆయన గుళిక అన్నాడు. ఇప్పుడు దీన్ని మన పాత్రలకు వర్తింపజేయండి. ఒకే రకపు పెట్టెలో 8 ఇనుప గుండ్లు ఉంటే 50 కిలోలు, 5 గుండ్లు ఉంటే 35 కిలోలు. గుండు బరువు ‘గ’ అయితే ఖాళీ పెట్టె బరువును 50 − 8గ అనీ రాయవచ్చు, 35 − 5గ అనీ రాయవచ్చు. పెట్టె ఒకటే కాబట్టి 50 − 8గ = 35 − 5గ. బరువుల తేడా 15, గుండ్ల తేడా 3, భాగిస్తే గుండు 5 కిలోలు. పెట్టె 50 − 40 = 10 కిలోలు. రెండో వైపు 35 − 25 కూడా 10. పక్షాంతరం చేసేటప్పుడు, అంటే ఒక పదాన్ని సమీకరణంలో ఒక వైపు నుంచి రెండో వైపుకు మార్చేటప్పుడు, గుర్తు ఎందుకు మారుతుందని పిల్లలు అడిగితే, ఈ సూత్రాన్ని చూపించి తేడాల భాషలో చెప్పడం నాకు ఎప్పుడూ తేలికగా తోచింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వకంగా కృతజ్ఞతలు. 18 అంటే 15 కిలోల నూనె, ఒకటిన్నర డబ్బా అని చెప్పగానే అమ్మాయి లేచి కూర్చుంది. మేము తప్పనుకుని కొట్టివేసిన కాగితం తీసి, ఆ తేడాలోంచి డబ్బా బరువు తనే మళ్ళీ లెక్కగట్టింది. తరువాత తనే ఒక లెక్క తయారుచేసి నన్ను అడిగింది. ఒకే పాత్రను ఒకసారి నీటితో, మరోసారి వేరే ద్రవంతో నింపి తూచితే, పాత్ర బరువు తెలుసుకోవచ్చా? రెండుసార్లూ పాత్ర నిండుగానే ఉంది కాబట్టి ఇక్కడ మూడో వంతు, సగం వంటివేవీ లేవు. నాకు జవాబు తోచలేదు.

మొదటి సమాధానం రాసినవారు

తెలుసుకోవచ్చు, అయితే మరొక్క సమాచారం కావాలి. ఆ రెండు తూకాలే ఇస్తే తెలియనివి మూడు అవుతాయి, అవి పాత్ర బరువు, నీటి బరువు, రెండో ద్రవం బరువు. సమీకరణాలు మాత్రం రెండే. అంత పరిమాణం నీటి బరువులో రెండో ద్రవం ఎన్నో వంతు తూగుతుందో చెబితే మూడోది రెండో దానిలో కలిసిపోతుంది. కిరోసిన్ వంటి ద్రవానికి ఆ వంతు సుమారు 0.8. నీటితో నిండిన పాత్ర 12 కిలోలు, 0.8 వంతు తూగే ద్రవంతో నిండితే 10 కిలోలు అనుకోండి. పాత్ర బరువు ‘డ’, నీటి బరువు ‘నీ’ అయితే,

డ + నీ = 12
డ + 0.8నీ = 10

తేడా 0.2నీ = 2, కాబట్టి నీరు 10 కిలోలు, పాత్ర 2 కిలోలు. ఒక లీటరు నీరు దాదాపు ఒక కిలో తూగుతుంది కాబట్టి పాత్రలో పట్టేది సుమారు 10 లీటర్లని కూడా తెలిసిపోతుంది. గమనించారా, ఈ లెక్క నిర్మాణం మీ నూనె డబ్బా లెక్కదే. అక్కడ 2/3 ఉన్న చోట ఇక్కడ 0.8 ఉంది, అంతే తేడా. అమ్మాయి వేసిన ప్రశ్నను తిరగేస్తే భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చేసే పని అవుతుంది. అక్కడ ఒక చిన్న గాజు సీసాను ఖాళీగా ఒకసారి, నీటితో ఒకసారి, తెలియని ద్రవంతో ఒకసారి తూచి, ఖాళీ బరువును రెండింటిలోంచీ తీసివేసి, మిగిలిన బరువుల నిష్పత్తితో ఆ 0.8 వంటి సంఖ్యను కనుగొంటారు. ఖాళీ బరువు తీసివేయకుండా నిష్పత్తి కడితే, పై పాత్రలోనే 10/12, అంటే దాదాపు 0.83 వచ్చి జవాబు తప్పుతుంది. అమ్మాయి య − య/3 రాసినప్పుడు జరిగిన పొరపాటే అది.