ఆర్‌డీఎస్‌లో పోస్ట్‌గ్రెస్‌కి జీపీ3 సరిపోతుందా, ఐఓ2 తీసుకోవాలా?

ప్రశ్న
అందరికీ నమస్తే. సొంత సర్వర్‌లో ఉన్న మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్‌కి (అమెజాన్ నడిపే డేటాబేస్ సేవ) మారుస్తున్నాం. డేటా 200 జీబీ దాకా ఉంది, ఆర్డర్లు, పేమెంట్లు అన్నీ అందులోనే, కాబట్టి రైట్లు (డిస్క్ మీద రాయడాలు) ఎక్కువ. ఇన్‌స్టెన్స్ (అద్దె సర్వర్) ఎం6జి.లార్జ్, మల్టీ ఏజెడ్ (రెండో జోన్‌లోనూ ఒక కాపీ) అనుకున్నాం, స్టోరేజ్ దగ్గర ఆగిపోయాం. టీమ్‌లో కొందరు ఖర్చైనా సరే ఐఓ2 (ఖరీదైన, వేగమైన డిస్క్ రకం) పెట్టేద్దామంటున్నారు, నాకేమో జీపీ3 (మామూలు డిస్క్ రకం) చాలనిపిస్తోంది గానీ గట్టిగా చెప్పడానికి చేతిలో లెక్క లేదు. ఏం చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు 1
డిస్క్ కంటే ముందు ఇన్‌స్టెన్స్ లెక్క చూడండి. ఎం6జి.లార్జ్‌కి డిస్క్ వైపు నిలకడగా దొరికేది 3,600 ఐఓపీఎస్ (సెకనుకి చేయగల రీడ్లు, రైట్లు), సెకనుకి 630 మెగాబిట్లు, అంటే సెకనుకి సుమారు 79 ఎంబీ. 20,000 ఐఓపీఎస్ అని రాసి ఉండేది బరస్ట్ (కాసేపు మాత్రమే దొరికే వేగం), దానికి హామీ రోజుకి ఒక్క అరగంటే. పైపు సన్నగా ఉన్నప్పుడు ట్యాంకు ఎంత పెద్దది కట్టినా నీళ్లు అంతే వస్తాయి కదా. లోడ్ టెస్ట్ పావుగంట నడిపి బాగుందనుకోకండి, రెండు మూడు గంటలు ఆపకుండా నడిపి, క్లౌడ్‌వాచ్‌లో (ఏడబ్ల్యూఎస్ గ్రాఫులు చూపే టూల్) ఈబీఎస్ ఐఓ బ్యాలెన్స్, ఈబీఎస్ బైట్ బ్యాలెన్స్ శాతాలు (ఆ బరస్ట్ ఇంకా ఎంత మిగిలిందో చెప్పేవి) జారుతున్నాయేమో చూడండి.

జవాబు 2
పై మాట నిజం. ఇంకొకటి, డేటా 200 జీబీయే కదా అని 250 జీబీ డిస్క్ తీసుకోవద్దు. ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్‌లో 400 జీబీ లోపు జీపీ3కి 3,000 ఐఓపీఎస్, సెకనుకి 125 ఎంబీ, అంతే, డబ్బు కడతామన్నా పెంచరు. 400కి చేరితే వెనకాల నాలుగు వాల్యూములు (డిస్కులు) కలిపి ఇస్తారు, బేస్‌లైనే 12,000 ఐఓపీఎస్, 500 ఎంబీ అవుతుంది. ఐఓ2 ధర చూసేముందు ఈ 400 జీబీ ధర చూడండి.

అడిగినవారు
థాంక్సండీ, 400 సంగతి అసలు తెలియదు. మరి ఐఓ2 ఎవరికి పనికొస్తుంది? పేమెంట్లలో ఒక్కో ఎంట్రీకి ఒక్కో కమిట్ (మార్పుని ఖాయం చేయడం) పడుతుంది, నా టెన్షన్ అంతా దాని మీదే.

జవాబు 3
కమిట్ల దగ్గర చూడాల్సింది ఐఓపీఎస్ కాదు, లేటెన్సీ (ఒక్కో పనికి పట్టే సమయం). వాల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్) డిస్క్ మీద పడేదాకా ఆ కనెక్షన్ ఆగే ఉంటుంది. ఒక్కో కమిట్‌కి 2 మిల్లీసెకన్లు పట్టిందంటే ఒక కనెక్షన్ నుంచి సెకనుకి 500 కమిట్లే, మిగతా ఐఓపీఎస్ ఖాళీగా పడి ఉంటాయి. పైగా మల్టీ ఏజెడ్‌లో రెండో జోన్‌లోనూ రాశాకే కమిట్ అవుతుంది, జోన్ల మధ్య వెళ్లి రావడానికి పట్టే సమయం ఏ డిస్క్ కొన్నా తగ్గదు. ఐఓ2 బ్లాక్ ఎక్స్‌ప్రెస్ గొప్పతనం మిల్లీసెకను లోపు లేటెన్సీ నిలకడగా ఇవ్వడంలో ఉంది, 99.999 శాతం డ్యూరబిలిటీ (డేటా పోకుండా ఉండటం) కూడా. ఒక్కో పేమెంట్ అంత త్వరగా తేలాలంటేనే అది తీసుకోండి. ఆడిట్ లాగులు, రాత్రి జాబులు లాంటివి మాత్రం వందలేసి వరుసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి, సగం బరువు అక్కడే దిగుతుంది. సింక్రొనస్ కమిట్ (వాల్ డిస్క్ మీద పడేదాకా ఆగమనే సెట్టింగ్) ఆఫ్ చేయమని ఎవరైనా చెప్తే పేమెంట్ల దగ్గర అస్సలు చేయకండి, సర్వర్ క్రాష్ అయితే కస్టమర్‌కి "అయింది" అని చెప్పేసిన చివరి కమిట్లు పోతాయి.

జవాబు 1
నేనైతే 400 జీబీ జీపీ3, ఇన్‌స్టెన్స్ ఎక్స్‌లార్జ్ తీసుకుంటాను. ర్యామ్ 8 నుంచి 16 జీబీ అవుతుంది కాబట్టి చాలా రీడ్లు డిస్క్ దాకా పోవు, నిలకడ ఐఓపీఎస్ కూడా 6,000 అవుతుంది. ఆ తర్వాత కూడా రైట్ లేటెన్సీ ఎక్కువే ఉంటే డేటాబేస్ ఆపకుండానే ఐఓ2కి మారొచ్చు, మారుతున్నంతసేపు కాస్త నెమ్మదిస్తుంది, రద్దీ లేని వేళ చూసుకోండి. టెస్ట్ అయ్యాక ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.