టేస్టింగ్ మెనూలో శాకాహారం: ఒకరికి బ్రహ్మాండం, ఒకరికి చేప నీళ్లు. ముందే ఏం రాసి పంపాలి?

షికాగోలో ఒక టేస్టింగ్ మెనూ (షెఫ్ ఎంచిన చిన్న చిన్న ఐటమ్స్ వరుసగా వడ్డించే) రెస్టారెంట్‌లో నవంబర్ 22 రాత్రి 7:30కి నలుగురికి బుక్ చేశాను. 12 ఐటమ్స్, దాదాపు మూడు గంటలు. డబ్బు ముందే కట్టేశాం, రద్దు చేస్తే వెనక్కి రాదు. అమ్మానాన్న గుడ్డు కూడా ముట్టరు.

అక్టోబర్‌లో ఒకే వారంలో అక్కడికి వెళ్లిన స్నేహితులిద్దరూ శాకాహారులే. ఒకరేమో ఇంత మంచి వెజ్ ఎక్కడా తినలేదన్నారు. ఇంకొకరికి నాలుగో ఐటమ్ సూప్ సగం తాగాక తెలిసింది, అది ఎండు చేప వేసి కాచిన దాషీ (జపాన్ వంటల్లో వాడే పల్చటి రసం) అని! కొంబు నాచు, ఎండు పుట్టగొడుగులతోనూ దాషీ చేస్తారు, కానీ అక్కడ ఎవరికి ఏది పోస్తారో తెలియదు.

బుకింగ్‌లో 'వెజిటేరియన్' టిక్ పెట్టాను. రెండుసార్లు మెయిల్ చేస్తే రెండుసార్లూ 'తప్పకుండా చూసుకుంటాం' అనే ఒకటే జవాబు. ఫోన్ చేస్తే మెనూ ముందే చెప్పం, సర్‌ప్రైజ్ అన్నారు. నాన్నకి అలాంటి సర్‌ప్రైజ్ వద్దు మహాప్రభో.

ఇలాంటి చోట్ల గుడ్డు కూడా లేకుండా తిన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: చేప దాషీ, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది), రెన్నెట్ (దూడ కడుపు నుంచి తీసే, పాలు విరగ్గొట్టే పదార్థం) వేసిన చీజ్ ప్లేట్‌లోకి రాకుండా కిచెన్‌కి మీరు ముందుగా ఏమని రాసి పంపారు?