అప్‌డేట్: గ్రూపులో ఒక్కరే రాస్తున్నారని అడిగాను కదా

నేను చెప్పే తొమ్మిదో తరగతి సైన్స్ గ్రూపుల్లో ఒకరు రాస్తే మిగతావాళ్లు చూసి ఎక్కించేస్తున్నారు, ఏం చేయాలని అడిగాను. మీలో ఒకరు జిగ్‌సా పద్ధతి చెప్పారు, 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్ మొదలుపెట్టినది. కణం పాఠానికి అదే చేశాను. ప్రతి గ్రూపులో ఒకరికి కేంద్రకం, ఒకరికి మైటోకాండ్రియా, ఇంకొకరికి హరితరేణువు. ఒకే భాగం వచ్చినవాళ్లంతా ముందు కలిసి చదువుకుని, తర్వాత సొంత గ్రూపుకి వెళ్లి చెప్పాలి. ఇక చూసి రాయడానికి ఏముంటుంది! ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి హరితరేణువు బొమ్మ నేలమీద సుద్దముక్కతో గీసి చెబుతుంటే, ఫస్ట్ ర్యాంకు అబ్బాయి "ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఎంత సంతోషమేసిందో! గోల మాత్రం బాగా పెరిగింది, నాకు ఇష్టమే. స్లిప్ టెస్టు మార్కులు ఎవరివి వాళ్లకే. కణజాలాల పాఠానికి గ్రూపులు మారుస్తున్నాను.